ఐదుగురం చూసే ఒకే మెయిల్‌బాక్స్: వచ్చిన ప్రతి మెయిల్‌కీ ఒకరి పేరు పడేలా చేయడం ఎలా?

మిర్చి ఆఫీసు, గుంటూరు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. గుంటూరు అరండల్‌పేటలో ఒక ఎండుమిర్చి ఎగుమతి ఆఫీసులో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. నేను కంప్యూటర్ చదువు చదవలేదు, పనిలోనే నేర్చుకున్నాను. ప్రశ్న కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మా దగ్గర మెయిల్స్ చూసేది ఐదుగురం. కొనుగోలుదార్ల ఆర్డర్లు నావి. డాక్యుమెంట్లు ఒక అబ్బాయి, లెక్కలు ఒక అక్క, కోల్డ్ స్టోరేజీ, లోడింగ్ పనులు ఒక అన్న చూస్తారు. రేట్లు చెప్పేది మా ఓనర్ గారి అబ్బాయి. బయటివాళ్లకు ఇచ్చిన మెయిల్ అడ్రస్ మాత్రం ఒక్కటే. గూగుల్ వర్క్‌స్పేస్‌లో డబ్బు కట్టి తీసుకున్న అకౌంట్, మా కంపెనీ పేరుతోనే ఉంటుంది. ఐదు కంప్యూటర్లలో అదే అకౌంటు, అదే పాస్‌వర్డు. కొత్త కంప్యూటర్‌లో తెరవాలంటే ఓటీపీ ఓనర్ గారి ఫోన్‌కి వస్తుంది. ఆయన మిర్చి యార్డులో వేలం దగ్గర ఉంటే మేం ఇక్కడ చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మాకు ఊపిరాడదు. యార్డుకు టిక్కీలు (మిర్చి బస్తాలు) లారీల మీద లారీలు దిగుతుంటాయి, అదే రోజుల్లో మెయిల్స్ కూడా రోజుకు డెబ్బై, ఎనభై వస్తాయి. తేజ రకం కాయ తొడిమ తీసింది కావాలని ఒకరు, తీయనిది కావాలని ఒకరు. ల్యాబ్ నుంచి అఫ్లటాక్సిన్ (బూజు వల్ల వచ్చే విషం) రిపోర్టు, కస్టమ్స్ ఏజెంట్ నుంచి ప్రశ్నలు, షిప్పింగ్ లైన్ నుంచి బి.ఎల్. (బిల్ ఆఫ్ లేడింగ్, సరుకు ఓడకెక్కినట్టు వాళ్లిచ్చే కాయితం) డ్రాఫ్టు, బ్యాంకు నుంచి ఇంకోటి. చైనా వాళ్లకు ఉదయం తొమ్మిదంటే మనకు ఆరున్నర. మేం ఆఫీసు తాళం తీసేసరికే అక్కడ వాళ్లు జవాబు కోసం ఎదురుచూస్తుంటారు.

మొన్న మార్చిలో ఏం జరిగిందో చెప్తాను. మలేషియా కంటైనర్‌కి బి.ఎల్. డ్రాఫ్ట్ వచ్చింది. అందులో కొనుగోలుదారు అడ్రస్‌లో ఒక లైను తప్పు. దిద్దుకోవడానికి మరుసటి రోజు మధ్యాహ్నం దాకా టైమ్ ఇచ్చారు. సాయంత్రం ఏడింటికి డాక్యుమెంట్ల అబ్బాయి వేరే మెయిల్ వెతుకుతూ దాన్ని తెరిచాడు, ఫోన్ రావడంతో లేచి వెళ్లిపోయాడు. తెరిచిన మెయిల్ కదా, బోల్డ్ అక్షరాలు పోయి మామూలుగా కనపడింది. పొద్దున వచ్చిన నలుగురం ఎవరో చూసే ఉంటారని దాన్ని దాటేశాం. నేనూ దాటేశాను. టైమ్ అయిపోయాక దిద్దించడానికి అదనపు చార్జీ కట్టాం. కాయితాలు బ్యాంకుకు ఆలస్యంగా వెళ్లాయి, డబ్బు రావడమూ ఆలస్యమైంది.

తిట్లు తిన్నది ఆ అబ్బాయి. చేరి నాలుగు నెలలే అయింది, పెదకాకాని నుంచి రోజూ వచ్చిపోతాడు. రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. నాకు అది చాలా బాధగా ఉంది. ఆ మెయిల్ ఫలానా వాళ్లదని ఎక్కడా రాసి లేనప్పుడు తెరిచినవాడిదే తప్పంటే ఎలా?

ఇప్పుడు ఓనర్ గారి అబ్బాయి ఎవరో చెప్పిన ఆటోమేటిక్ టూల్ ఒకటి పెడదామంటున్నారు. మెయిల్ రాగానే అదే చదివి, ఎవరిదో తేల్చి, వాళ్లకు పంపేస్తుందట. నాకు కావాల్సింది ఇంతే: వచ్చిన మెయిల్ మీద మా ఐదుగురిలో ఒకరి పేరు పడాలి, జవాబు వెళ్లకపోతే వాళ్లకే గుర్తుచేయాలి. దీనికి పెద్ద టూల్ కావాలా, ఉన్న గూగుల్‌లోనే అవుతుందా? మీ ఆఫీసుల్లో ఎలా చేస్తున్నారు?

ఆటోనగర్ స్పేర్స్, విజయవాడ

అక్కా, ఇంత దూరం ఎందుకు. ఆ అడ్రస్‌కి వచ్చినవన్నీ ఐదుగురి సొంత మెయిల్స్‌కీ ఫార్వర్డ్ అయ్యేలా పెట్టేయండి. మా షాపులో ముగ్గురం అలాగే చేస్తున్నాం. ఎవరి బాక్స్‌లో వాళ్లకు చదివినవి, చదవనివి విడిగా తెలుస్తాయి. లారీ పార్టుల ఆర్డర్లకు ఇప్పటిదాకా ఇబ్బంది రాలేదు.

మిర్చి ఆఫీసు, గుంటూరు

తమ్ముడూ, మేమూ చేసి చూశాం. రెండేళ్ల కిందట పదిహేను రోజులు అలాగే పెట్టాం. శ్రీలంక కొనుగోలుదారు 334 రకం రేటు అడిగితే నేనొక రేటు చెప్పాను, గంట తర్వాత ఓనర్ గారి అబ్బాయి ఇంకో రేటు చెప్పారు. నేను జవాబిచ్చినట్టు ఆయన బాక్స్‌లో కనపడదు కదా. ఆ కొనుగోలుదారు రెండు మెయిల్సూ పక్కపక్కన పెట్టి ఏది నిజమని అడిగాడు. ఆ రోజు నాకు తల ఎత్తుకోబుద్ధి కాలేదు.

సిస్టమ్స్ పని, గవర్నర్‌పేట

మేడమ్, చిన్న ఆఫీసులకు మెయిల్, నెట్‌వర్క్ సర్దిపెట్టడమే నా పని. మీ ప్రశ్న చదివి సంతోషమేసింది, ఎందుకంటే చాలామంది టూల్ పేరుతో మొదలుపెడతారు, మీరు ఏం కావాలో చెప్పి మొదలుపెట్టారు. కాస్త వివరంగా రాస్తాను.

అన్నిటికంటే ముందు ఆ పాస్‌వర్డ్ సంగతి. ఐదుగురు ఒకే పాస్‌వర్డ్‌తో లాగిన్ అయితే ఎవరు ఏం పంపారో, ఏం తీసేశారో రేపు ఎవరూ చెప్పలేరు. ఒకరు పని మానేసినా పాస్‌వర్డ్ వాళ్లతోనే పోతుంది. కాబట్టి ఐదుగురికీ కంపెనీ డొమైన్‌లో (మెయిల్ అడ్రస్‌లో @ తర్వాత వచ్చే కంపెనీ పేరు) సొంత అకౌంట్లు తీసుకోండి. ఖర్చు పెరుగుతుందని మీ ఓనర్ గారు అంటారు, తెలుసు. మొన్నటి బి.ఎల్. చార్జీ రసీదు ఆయన ముందు పెట్టండి.

తర్వాత దారులు రెండు. మొదటిది గూగుల్ గ్రూప్స్‌లో ఉండే కొలాబరేటివ్ ఇన్‌బాక్స్. ఆ అడ్రస్‌ను ఒక గ్రూప్‌గా మారుస్తారు, వచ్చిన మెయిల్‌ను ఫలానా వారికి అని అప్పగించే బటన్, పూర్తయిందని గుర్తుపెట్టే బటన్ అందులో ఉంటాయి. వినడానికి మీకు కావాల్సింది ఇదే అనిపిస్తుంది. నేను రెండుచోట్ల పెట్టి, రెండుచోట్లా వెనక్కి తీశాను. ఎందుకంటే మనవాళ్లు గ్రూప్స్ పేజీ తెరవరు, అలవాటైన జీమెయిల్ నుంచే జవాబిస్తారు. అలా ఇచ్చేటప్పుడు గ్రూప్ అడ్రస్‌ను సీసీలో పెట్టడం మరిచిపోతే ఆ జవాబు మిగతావాళ్లకు కనపడదు. మీ 334 రేటు గొడవే మళ్లీ వస్తుంది. పైగా బయటివాళ్లు గ్రూప్‌కు మెయిల్ పంపడానికి అనుమతి విడిగా ఇవ్వాలి. అది మరిచిపోతే కొనుగోలుదారు మెయిల్ తిరిగి వెళ్లిపోతుంది, మనకు రానే రాదు.

రెండోది డెలిగేషన్, అంటే ఒక బాక్స్‌ను పాస్‌వర్డ్ చెప్పకుండానే వేరేవాళ్లు వాడేలా అనుమతించడం. మీకు నేను చెప్పేది ఇదే. ఇప్పుడున్న అకౌంట్ అలాగే ఉంటుంది. అడ్మిన్ పేజీలో మెయిల్ డెలిగేషన్‌కు అనుమతిచ్చి, ఆ అకౌంట్ సెట్టింగ్స్‌లో మీ ఐదుగురినీ డెలిగేట్లుగా చేర్చాలి. అమల్లోకి రావడానికి ఒక రోజు దాకా పట్టొచ్చు. ఆ తర్వాత ఎవరి పాస్‌వర్డ్‌తో వాళ్లు సొంత జీమెయిల్‌లోకి వెళ్లి, పైన మూలన ఉన్న ఫొటో నొక్కితే ఉమ్మడి బాక్స్ తెరుచుకుంటుంది. అందులోంచి ఇచ్చిన జవాబు ఉమ్మడి అడ్రస్ పేరుతోనే వెళ్తుంది, ఆ బాక్స్‌లోని సెంట్‌లోనే ఉంటుంది, అందరికీ కనపడుతుంది. ఓటీపీ కోసం యార్డుకు ఫోన్ చేసే పని ఉండదు.

ఇందులో ఒక లోటు ఉంది. ఒకరు తెరిస్తే అందరికీ తెరిచినట్టే కనపడుతుంది, మార్చిలో మిమ్మల్ని దెబ్బతీసింది అదే. అందుకే చదివామా లేదా అన్న గుర్తును ఇకమీద అసలు నమ్మొద్దు. మీ ఐదుగురి పేర్లతో ఐదు లేబుల్స్ పెట్టండి, ఒక్కొక్కరికి ఒక్కో రంగు. మెయిల్ మీద పేరు ఉందంటే పని మిగిలి ఉన్నట్టు. పని పూర్తయితే పేరు తీసేసి ఆర్కైవ్ చేయాలి, అంటే చెరిపేయకుండా ఇన్‌బాక్స్ నుంచి పక్కకు తీయాలి. ఇన్‌బాక్స్ సాయంత్రానికి ఎంత ఖాళీ అయితే అంత పని అయినట్టు. కొనుగోలుదారు అదే మెయిల్‌కు మళ్లీ రాస్తే అది దానంతటదే ఇన్‌బాక్స్‌లోకి తిరిగొస్తుంది.

ఇక ఆ పేరు వేసే పని. దీనికి కొత్త టూల్ కొనక్కర్లేదు. యాప్స్ స్క్రిప్ట్ అని గూగుల్‌లోనే ఉంది, అందులో చిన్న ప్రోగ్రామ్ (స్క్రిప్ట్) రాసి పెడితే దానంతటదే నడుస్తుంది. ఒక షీట్‌లో ఎడమవైపు పంపినవాళ్ల అడ్రస్ లేదా డొమైన్, కుడివైపు మీవాళ్ల పేరు రాయండి. షిప్పింగ్ లైన్ నుంచి వస్తే డాక్యుమెంట్ల అబ్బాయికి, బ్యాంకు నుంచి వస్తే లెక్కల అక్కకు. స్క్రిప్ట్ పది నిమిషాలకోసారి లేచి, పేరు లేని మెయిల్స్ తీసి, షీట్ చూసి లేబుల్ వేస్తుంది. షీట్‌లో లేనివాళ్ల మెయిల్ ఆ రోజు డ్యూటీలో ఉన్నవారి పేరు మీద పడాలి. డ్యూటీ రోజుకొకరిది. ఈ ఆఖరి మాట మాత్రం వదలొద్దు. తెలియనివాళ్ల మెయిల్ ఎవరికీ చెందకుండా మిగిలితే కొత్త కొనుగోలుదారునే పోగొట్టుకుంటారు.

గుర్తుచేయడానికి ఇంకో చిన్న స్క్రిప్ట్. పేరు ఉన్న మెయిల్స్‌లో ఆఖరి మాట బయటివాళ్లదై ఉండి నాలుగు గంటలు దాటితే, ఆ పేరు గలవారి సొంత మెయిల్‌కు ఒక జాబితా వెళ్తుంది. రోజుకు రెండుసార్లు, పదకొండింటికి, నాలుగింటికి చాలు. అంతకంటే ఎక్కువైతే చూడటం మానేస్తారు.

ఒక జాగ్రత్త. స్క్రిప్ట్‌ను ఉమ్మడి అకౌంట్‌లోకే లాగిన్ అయి పెట్టాలి, డెలిగేట్‌గా వెళ్లి కాదు. స్క్రిప్ట్ ఏదైనా కారణంతో ఆగితే గూగుల్ నుంచి తెలియజేస్తూ ఒక మెయిల్ వస్తుంది, అది కూడా ఆ ఉమ్మడి బాక్స్‌లోకే వస్తుంది. కాబట్టి ఆ మెయిల్స్ స్క్రిప్ట్ అవసరం లేకుండా మీ సొంత అకౌంట్‌కు వెళ్లేలా మామూలు ఫిల్టర్ పెట్టుకోండి. రోజుకోసారి కాకుండా వెంటనే తెలియజేయమని ట్రిగ్గర్ (స్క్రిప్ట్ ఎప్పుడు నడవాలో చెప్పే సెట్టింగ్) దగ్గర ఎంచుకోవచ్చు.

మైక్రోసాఫ్ట్ 365 వాడేవాళ్లు ఇది చదువుతుంటే, అక్కడ షేర్డ్ మెయిల్‌బాక్స్ అనే ఏర్పాటే ఉంది. 50 జీబీ దాకా ఆ బాక్స్‌కు విడిగా లైసెన్స్ అక్కర్లేదు, వాడే మనుషులకు ఉంటే చాలు. కాకపోతే అందులోంచి పంపిన జవాబు మామూలుగా పంపినవారి సెంట్‌లోకే వెళ్తుంది. ఉమ్మడి బాక్స్‌లోనూ ఒక కాపీ ఉండేలా అడ్మిన్ సెట్టింగ్ మార్చుకోవాలి.

మిర్చి ఆఫీసు, గుంటూరు

అన్నా, మీరు రాసింది ప్రింట్ తీసి మా ఓనర్ గారి అబ్బాయికి చూపించాను. ఇద్దరం కూర్చుని రెండుసార్లు చదివాం. ఆయనకు ఒక కోరిక ఉంది. మెయిల్ రాగానే "అందింది, ఇవాళే జవాబిస్తాం" అని తనంతట తానే ఒక జవాబు వెళ్లాలంటున్నారు. చైనా వాళ్ల కోసం. అది పెట్టొచ్చా?

ట్రావెల్స్ కౌంటర్, బెంజి సర్కిల్

మేడమ్, దయచేసి తొందరపడి పెట్టొద్దు. మేం టికెట్ల మెయిల్‌కు సరిగ్గా అలాంటిదే స్క్రిప్ట్‌తో పెట్టాం. ఒక శనివారం రాత్రి ఒక పెద్ద సంస్థ వాళ్ల సిస్టమ్ నుంచి మాకు మెయిల్ వచ్చింది. మాది "అందింది" అంది. వాళ్ల సిస్టమ్ "మీ మెయిల్ అందింది" అంది. మాది మళ్లీ అంది. ఆదివారం పొద్దున చూస్తే ఇన్‌బాక్స్ నిండా అవే. పైగా మా అకౌంట్ ఆ రోజుకు మెయిల్ పంపే పరిమితి దాటిపోయింది. తిరుపతి వెళ్లే ఒక కుటుంబానికి నిజమైన టికెట్ మెయిల్ వెళ్లలేదు. వాళ్లు బస్టాండ్ నుంచి ఫోన్ చేస్తే నేను ఇంటి నుంచి పరుగెత్తాను.

పెట్టాలనే ఉంటే స్క్రిప్ట్‌తో కాకుండా జీమెయిల్‌లోని వెకేషన్ రెస్పాండర్ (సెలవులో ఉన్నప్పుడు దానంతటదే జవాబిచ్చే సెట్టింగ్) వాడండి. అది ఒకే మనిషికి నాలుగు రోజుల్లో ఒక్కసారే జవాబిస్తుంది.

సిస్టమ్స్ పని, గవర్నర్‌పేట

ట్రావెల్స్ గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. యంత్రం రాసిన మెయిల్‌కు యంత్రం జవాబివ్వకూడదని 2004లోనే ఆర్‌ఎఫ్‌సీ 3834 అనే ప్రమాణం రాసిపెట్టారు. ఆటో-సబ్మిటెడ్ అనే గుర్తు ఆ మెయిల్ హెడర్‌లో (మెయిల్‌తో పాటు వచ్చే, మామూలుగా కనపడని వివరాల్లో) ఉంటుంది, దాన్ని చూసి ఆగాలి. చాలా సిస్టమ్స్ ఆ గుర్తు వేయవు, వేసినా చూడవు. మేడమ్, మీ చైనా వాళ్లకు ఉదయం ఆరున్నరకు కావాల్సింది రేటు. "అందింది" అన్న మాటతో వాళ్లకు పనేం ఉంటుంది? వీలైతే వారానికొకరు చొప్పున ఏడింటికి ఒకసారి ఇంటి నుంచి చూడటమే మంచిది.

ఆడిట్ ఆఫీసు, బ్రాడీపేట

అక్కా, నేను మీ పక్క వీధిలోనే ఒక సీఏ ఆఫీసులో చేస్తాను. ఆ ఆటోమేటిక్ టూల్ గురించి ఒక్క మాట. అలాంటివి పెట్టేటప్పుడు మెయిల్స్ చదవడానికి, పంపడానికి, తీసేయడానికి అన్నిటికీ అనుమతి అడుగుతాయి. మీ బాక్స్‌లో కొనుగోలుదార్ల బ్యాంకు వివరాలు, రేట్లు, మీ ఇన్‌వాయిస్‌లు అన్నీ ఉంటాయి. ఎవరో చెప్పారని ఆ బటన్ నొక్కొద్దు. ఇప్పటికే ఏవైనా అలా చేరి ఉన్నాయేమో గూగుల్ అకౌంట్‌లో సెక్యూరిటీ పేజీలో కనపడతాయి, చూడండి.

రెండోది ఇంకా ముఖ్యం. ఇవాళే ఆ ఉమ్మడి అకౌంట్ సెట్టింగ్స్ తెరిచి, ఫార్వర్డింగ్, ఫిల్టర్లు రెండూ పూర్తిగా చదవండి. మా క్లయింట్ ఒకరి బాక్స్‌లో ఇన్‌వాయిస్ అనే మాట ఉన్న ప్రతి మెయిల్ తెలియని అడ్రస్‌కు వెళ్లేలా ఎవరో ఫిల్టర్ పెట్టారు. కొన్నాళ్లకు అవతలి పార్టీకి "మా బ్యాంకు అకౌంట్ మారింది" అని అచ్చం వీళ్లు రాసినట్టే మెయిల్ వెళ్లింది. డబ్బు పోయింది. పాస్‌వర్డ్ ఎంతమందికి తెలుసో ఎవరూ చెప్పలేకపోయారు. అలాంటిది ఎప్పుడైనా జరిగితే ఒక్క గంట కూడా ఆగకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబర్ 1930కి ఫోన్ చేయాలి. కొనుగోలుదార్లకు కూడా ముందే రాసిపెట్టండి, బ్యాంకు అకౌంట్ మార్పు మేం మెయిల్‌లో ఎప్పుడూ చెప్పం, ఫోన్‌లో అడిగి తెలుసుకోండి అని.

మిర్చి ఆఫీసు, గుంటూరు

నెల రోజుల తర్వాత రాస్తున్నాను. యార్డుకు వేసవి సెలవులు ఇచ్చారు, ఇప్పుడు తీరిక దొరికింది. మీ అందరికీ ఏం జరిగిందో చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు.

ఐదు అకౌంట్లకు ఓనర్ గారు ఒప్పుకున్నారు. బి.ఎల్. రసీదు నిజంగానే చూపించాను. ఫార్వర్డింగ్, ఫిల్టర్లు చూశాం, తెలియనివి ఏవీ లేవు. రెండేళ్ల కిందటి మా పదిహేను రోజుల ఫార్వర్డ్‌లలో ఒకటి మాత్రం ఇంకా అలాగే ఉంది, పని మానేసి వెళ్లిపోయిన ఒకతని సొంత మెయిల్‌కు. అతను మంచివాడే, చూసి కూడా ఉండడు. అయినా ఇన్నాళ్లూ మా రేట్లన్నీ అతనికి వెళ్తూనే ఉన్నాయని తలచుకుంటే ఒళ్లు ఝల్లుమంది. వెంటనే తీసేశాం.

ఓనర్ గారి అబ్బాయి స్నేహితుడొకరు స్క్రిప్ట్ రాసిపెట్టారు. షీట్ మాత్రం నేనే నింపాను. ఒక ఆదివారం పొద్దున కూర్చుని మూడు నెలల మెయిల్స్ తిరగేసి, ఎవరెవరి నుంచి వస్తున్నాయో, ఏది ఎవరి పనో రాసుకుంటూ వెళ్లాను. నూట నలభై దాకా అడ్రస్‌లు వచ్చాయి. అందులో పదకొండు ఎవరి పనో మాకే తెలియదు. కంటైనర్ ఫ్యాక్టరీకి రావడం ఆలస్యమైతే వచ్చే మెయిల్ డాక్యుమెంట్ల అబ్బాయిదా, లోడింగ్ అన్నదా? ఇన్నేళ్లలో ఎప్పుడూ మాట్లాడుకోలేదు. సోమవారం టీ తాగుతూ ఐదుగురం కూర్చుని ఆ పదకొండూ తేల్చుకున్నాం. కంటైనర్ది అన్న తీసుకున్నారు.

ఇబ్బందులు కూడా చెప్పాలి. పాస్‌వర్డ్ మార్చిన మరుసటి రోజు స్కానర్ నుంచి మెయిల్ వెళ్లడం ఆగిపోయింది. ఇన్‌వాయిస్‌లు స్కాన్ చేసి పంపేది దాన్నుంచే. గంటసేపు అందరికీ టెన్షన్. స్కానర్‌లో ఎప్పుడో ఒక యాప్ పాస్‌వర్డ్ (అలాంటి పరికరాల కోసం గూగుల్ విడిగా ఇచ్చే పాస్‌వర్డ్) పెట్టారట, అసలు పాస్‌వర్డ్ మారిస్తే అది రద్దయిపోతుందట. కొత్తది చేసి పెట్టుకున్నాక పనిచేసింది. మా లాగా చేసేవాళ్లు ముందుగా స్కానర్ సంగతి చూసుకోండి.

ఇంకొకటి, మొదటి వారం జవాబిచ్చాక పేరు తీసేయడం అందరం మరిచిపోయాం. ఇన్‌బాక్స్ అంతా రంగురంగుల పేర్లే. నాలుగింటి జాబితా నాకే ముప్పై వచ్చింది, అందులో ఇరవై అయిపోయిన పనులు. అన్నా, మీరు చెప్పినట్టే నేను దాన్ని చూడటం మానేయబోయాను. అప్పుడు స్క్రిప్ట్‌లో చిన్న మార్పు చేయించాం. మా జవాబు వెళ్లి మూడు రోజులైనా అవతలి నుంచి ఏమీ రాకపోతే పేరు దానంతటదే పోతుంది. డాక్యుమెంట్ల మెయిల్స్‌కు మాత్రం అలా పెట్టలేదు, అవి చేత్తోనే తీయాలి.

ఆటోమేటిక్ జవాబు పెట్టలేదు. ఏడింటికి వంతులవారీగా చూస్తున్నాం. నా వంతు వచ్చిన వారం ఇంట్లో పొయ్యి మీద పాలు పెట్టి చూస్తాను.

పోయిన బుధవారం ఇంకో బి.ఎల్. డ్రాఫ్ట్ వచ్చింది. నేను తెరిచాను, అబ్బాయి పేరు ఆకుపచ్చ రంగులో ఉంది. తెరిచినందుకు ఇదివరకైతే నాకు గుబులుగా ఉండేది. మూసేసి నా పని నేను చూసుకున్నాను. అరగంటకు పేరు పోయింది, సెంట్‌లో చూస్తే కొనుగోలుదారు పిన్‌కోడ్‌లో ఒక అంకె తప్పుందని షిప్పింగ్ లైన్‌కు రాశాడు. నాకైతే ఆ తప్పు కనపడలేదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఓనర్ గారికి ఆ సంగతి చెప్పాను, అబ్బాయి పక్కనే ఉన్నాడు.